సముద్రపు ముల్లంగి కేసులో నా సాక్ష్యం

ఆ రోజుల్లో, పరదేశపు పడమటి కొసన ఉన్న బర్నబీలో, మన విద్యార్థులు రెండు రకాలుగా ఉండేవారు: ఇల్లు దొరికినవాళ్లు, ఇల్లు దొరికినవాళ్ల ఇంట్లో ఉండేవాళ్లు. నేను రెండో రకం. ప్రతి విమానం నుంచీ పాతికమంది దిగేవారు, పాతికమంది చేతుల్లోనూ ప్రెషర్ కుక్కర్ ఉండేది, ఎవరి చేతిలోనూ అడ్రస్ ఉండేది కాదు. కాలేజీ సీటు ఇచ్చినంత సులువుగా ఊరు చోటు ఇవ్వలేదు. అందువల్ల మాలో అందరికీ ఒక లక్షణం అబ్బింది, అనుమానం. బస్సులో పక్కన కూర్చున్నవాడు నవ్వితే, వీడు మన గది కోసం చూస్తున్నాడేమో అనుకునేవాళ్లం. మా వాట్సాప్ గ్రూపులో రోజుకొక కథ వచ్చేది. ఫలానా చోట ఓనర్ హీటర్ కట్టేశాడట, ఫలానా చోట మేనల్లుడు వస్తున్నాడని ఖాళీ చేయించాడట, మేనల్లుడి బదులు మరో నలుగురు విద్యార్థులు దిగారట. ఈ కథలు నిజమో కాదో ఎవరూ విచారించలేదు. అనుమానానికి సాక్ష్యం అడగడం మర్యాద కాదని మా అభిప్రాయం.

నేనున్నది ఒక బేస్‌మెంట్. అగ్రిమెంట్ ప్రకారం అందులో ఉండాల్సింది ఇద్దరు. ఒకరు బావ. ఆయన కాకినాడ మనిషి. పరిచయమైన ప్రతివాణ్ణీ బావా అని పిలిచేవాడు కాబట్టి ఆయన అందరికీ బావ అయిపోయాడు. ఎవరేమన్నా ఆయన జవాబు ఒక్కటే: "ఆయ్." వాన పడుతోందా అంటే ఆయ్, పడటం లేదా అన్నా ఆయ్. ఎదుటివాడి మాట కాదనడం ఆయనకు చేతకాదు, అందులోనూ ఎదుటివాడు ఇంటి ఓనరైతే మరీ చేతకాదు. రెండోవాడు ఎస్సై. నల్గొండ వైపు కుర్రాడు. వాడి మేనమామ పోలీసు శాఖలో ఎస్సైగా పనిచేశాడు. వాడు మాత్రం పోలీస్ స్టేషన్ గడప తొక్కింది పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కే. కానీ ఆ ఉద్యోగం మేనమామ పోలికలతో పాటు వాడికి దిగింది. పాల ప్యాకెట్ మీద ఎక్స్‌పైరీ తేదీ చూసి, అది అచ్చు వేసినవాడి ఉద్దేశమేమిటని ఆలోచించేవాడు.

మూడోవాణ్ణి నేను. "రెండు వారాలు ఉంటా" అని వచ్చి అయిదో నెలలో ఉన్నాను. చట్టం దృష్టిలో నేను మనిషిని కాను, కొంచెం పెద్ద సూట్‌కేసును. బయట గుమ్మం దగ్గర ఎప్పుడూ రెండు జతల బూట్లే ఉండేవి, నావి మంచం కింద. దండెం మీద రెండే తువ్వాళ్లు. వెనక సందులోంచి వచ్చేవాణ్ణి, వెనక సందులోంచే పోయేవాణ్ణి. లోపల ముగ్గురం మాట్లాడుకుంటున్నా పైకి ఇద్దరిలా వినబడాలని, నేను ఎస్సై గొంతులో నవ్వడం నేర్చుకున్నాను (వాడు నవ్వడం అరుదు కాబట్టి నమూనాలు తక్కువ). నేను దొరికితే నాకొక్కడికే కాదు, అగ్రిమెంట్ తప్పినందుకు ముగ్గురికీ గది పోతుంది. అది అక్టోబరు. ఆ వానల్లో, ఆ రద్దీలో, ఇంకో గది దొరకడమంటే కాలేజీలో ఇంకో సీటు తెచ్చుకోవడం కంటే కష్టం.

పైన ఉండే ఓనర్‌ను మాలో మేము తాత అనేవాళ్లం, ఎదురుపడితే సర్. ఎనభై దాటిన జర్మన్. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఈ దేశం వచ్చి, వడ్రంగం చేసి, ఆ ఇల్లు తన చేత్తో కట్టుకున్నాడట. అందుకే ఇంట్లో ఏ తలుపు కిర్రుమన్నా తనను తిట్టినట్టు బాధపడి, రెంచి పట్టుకుని వచ్చేవాడు. ఒంటరి మనిషి. జర్మనీలో ఒక చెల్లెలు ఉంది. ప్రతి ఆదివారం పొద్దున స్పీకరు పెట్టి ఆవిడతో గంటసేపు మాట్లాడేవాడు. మాట్లాడేవాడు అనడం నా మర్యాద. నేల చీల్చుకుని కిందికి వచ్చే ఆ ధ్వనిని మా ఊళ్లో అయితే నలుగురు పెద్దమనుషులు వెళ్లి విడిపించేవారు. మాకు జర్మన్ రాదు. కానీ ఎస్సై ఖాళీగా ఉండలేదు. పైకప్పు కేసి చెవి పెట్టి, ప్రతి ఆదివారం ఒక మాట పదేపదే వస్తోందని కనిపెట్టాడు. నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకున్నాడు కూడా: మేర్‌రెట్టిష్.

"గా ముచ్చట మన గురించే," అన్నాడు.

"మన గురించి అంత శ్రద్ధగా మన కాలేజీ కూడా మాట్లాడదు," అన్నాను నేను.

"ఆయ్," అన్నాడు బావ, ఇద్దరికీ కలిపి.

అసలు కేసు మొదలైంది కుళాయి దగ్గర. వంటింటి కుళాయి కారుతోందని బావ చెబితే, తాత పద్ధతి ప్రకారం ముందురోజే తలుపు మీద నోటీసు అంటించి, మర్నాడు సరిగ్గా చెప్పిన టైముకు వచ్చాడు. నేను లైబ్రరీకి పారిపోయాను. బావ పనిలో ఉన్నాడు. ఎస్సై జ్వరంతో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఆ దుప్పటిలో మనిషి ఉన్నాడని తాత గమనించలేదట. దుప్పటి సందులోంచి ఎస్సై మాత్రం అంతా గమనించాడు. సాయంత్రం మేము చేరాక, గొంతు సవరించుకుని, ఎఫ్ఐఆర్ చదివినట్టు చెప్పాడు.

కుళాయి బాగుచేశాక తాత వెళ్లిపోలేదు. పొయ్యి పక్క అలమర ముందు ఆగాడు. అక్కడ మా అమ్మ పంపిన మునగాకు కారప్పొడి డబ్బా ఉంది. కస్టమ్స్‌వాళ్లు ఏదో ఆకుపొడి అని పారేస్తారేమోనని మా నాన్న దాని మీద కంప్యూటర్ సెంటర్‌లో అచ్చు వేయించి 'మొరింగా లీఫ్ పౌడర్' అని ఇంగ్లీషులో పెద్దక్షరాల లేబుల్ అంటించాడు. తాత కళ్లజోడు మార్చుకుని ఆ లేబుల్ చదివాడు. మళ్లీ చదివాడు. జేబులోంచి ఫోన్ తీసి ఫొటో తీశాడు. రెండడుగులు వెనక్కి వేసి మరో ఫొటో తీశాడు. తర్వాత, ఇది ముఖ్యం అని ఎస్సై వేలెత్తాడు, తనలో తాను జర్మన్‌లో ఏదో అనుకుని, తల అడ్డంగా ఊపుతూ వెళ్లిపోయాడు.

"రెండు ఫొటోలు దేనికి దీస్తరు చెప్పున్రి? ఒకటి ఫైలుకు, ఒకటి కోర్టుకు," అన్నాడు.

మసాలా వాసన వస్తోందని ఖాళీ చేయిస్తారన్న కథ గ్రూపులో అంతకుముందు వారమే వచ్చింది. నేను జోకు వేయబోయాను. కారప్పొడి ఫొటో తీసి కోర్టుకు వెళితే జడ్జిగారు ముందు ఇడ్లీ అడుగుతారని అనబోయి ఆగాను. ఎందుకంటే ఆ డబ్బా పక్కన మూడు కంచాలు, మూడు గ్లాసులు ఉన్నాయి. రెండో ఫొటో రెండడుగుల వెనక నుంచి తీశాడంటే అవి కూడా పడి ఉంటాయి. ఆ రాత్రి నుంచి నా కంచం కూడా మంచం కిందికి వెళ్లింది, బూట్ల పక్కకు.

ఆ వారం తాత పెరట్లో తవ్వకం మొదలుపెట్టాడు. మా కిటికీ నేల మట్టానికి ఉంటుంది కాబట్టి మాకు ఆయన బూట్లు, పార, వాటితో పాటు మట్టిలోంచి బయటికి వస్తున్న మోచేతి పొడవు దుంపవేర్లు కనబడేవి. అవి ఏ కూరకూ పనికొచ్చే ఆకారంలో లేవు. తర్వాత ఆయన వాటిని గ్యారేజీలోకి తీసుకెళ్లాడు. ఎస్సై బట్టలు ఆరేసే నెపంతో వెళ్లి చూసొచ్చి మొహం తెల్లబోయి నిలబడ్డాడు. తాత కళ్లకు ఈతకొట్టేవాళ్లు పెట్టుకునే అద్దాలు పెట్టుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, పక్కన ఫ్యాన్ పెట్టుకుని, ఆ వేర్లను తురుముతున్నాడట. ఆ సంగతి వాడు చెప్పడం ముగించే లోపలే హీటర్ గొట్టంలోంచి అది మా గదిలోకి వచ్చింది. అది వాసన కాదు. వాసన అయితే ముక్కుతో ఆగుతుంది. ఇది ముక్కులోంచి పైకి ఎక్కి, కళ్ల వెనక కూర్చుని, నెత్తి మీద తలుపు తట్టింది. ముగ్గురం వలవలా ఏడ్చాం.

"గ్యాస్ కొడ్తుండు," అన్నాడు ఎస్సై, ముక్కు తుడుచుకుంటూ. "హీటర్ బంద్ జేసేటోళ్లు పాత కాలపోళ్లు. ఈయన సైంటిస్టు."

మనల్ని వెళ్లగొట్టాలనుకునేవాడు కొబ్బరి కోరాముతో గ్యాస్ తయారుచేయడని నేను వాదించాను. కానీ కళ్లమ్మట నీళ్లు కారుతుండగా వేసిన జోకుకు విలువ ఉండదని ఆ రోజు తెలిసింది. నిజం చెప్పాలంటే నాకూ అనుమానం పట్టుకుంది. ఒంటరి ముసలాయన, ఈత అద్దాలు, ఫొటోలు, ప్రతి ఆదివారం ఆ మాట. వీటిని వరసగా పెడితే ఎంత తెలివిగలవాడికైనా ఏదో కుట్ర కనబడుతుంది. (తెలివి తక్కువవాడికి ఏమీ కనబడదు. బావ హాయిగా నిద్రపోయేవాడు.)

శనివారం పొద్దున మా గుమ్మం ముందు ఒక గాజు సీసా కనబడింది. తెల్లగా, తేమగా, సన్నగా తురిమిన పదార్థం. మూత మీద ముసలి చేతిరాత. ఎస్సై ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, నోట్‌బుక్ తెచ్చి పక్కన పెట్టి చూసి, మంచం మీద కూలబడ్డాడు. మేర్‌రెట్టిష్. ఆదివారం మాట సీసాలోకి వచ్చింది. ఫోన్‌లో వెతికితే ఆ మాట రెండు ముక్కలైంది, మొదటి ముక్కకు సముద్రం అని, రెండో ముక్కకు ముల్లంగి అని చూపించింది. సముద్రపు ముల్లంగి. సముద్రం మాకు అరగంట దూరంలో ఉంది, ఇది పెరట్లోంచి వచ్చింది. ఈ పేరులోనే మోసం ఉందని, ముట్టుకోవద్దని ఎస్సై హెచ్చరించాడు. ఇంకాస్త కిందికి చదివి ఉంటే ఇంగ్లీషులో దాన్ని ఏమంటారో, ఎలా తింటారో కూడా ఉండేది. కానీ పరిశోధకుడికి అనుమానం బలపడ్డాక చదవడం మానేసే అలవాటు ఉంది.

బావ మూత తీసి చూశాడు. ఆయన మొహం వెలిగింది. ఆ రోజు మా ఇడ్లీ రోజు. దేశం కాని దేశంలో, ఇడ్లీ రోజున, గుమ్మం ముందు తెల్లటి తురుము సీసాలో పెట్టి ఎవరైనా ఉంచితే తెలుగువాడు ఏమనుకుంటాడు? పాపం పెద్దాయన కొబ్బరి తురిమి ఇచ్చాడు అనుకుంటాడు. బావ సీసా సగం గిన్నెలోకి వంచి, నూనె కాచి, ఆవాలు, ఎండుమిరపకాయ, ఇంగువ, దాచుకున్న నాలుగు కరివేపాకు రెబ్బలు వేసి, చుయ్యిమనేలా తాలింపు పెట్టాడు. ఒక జర్మన్ ముల్లంగికి అంతటి గౌరవం మునుపెన్నడూ దక్కి ఉండదు. నేను మాది తెనాలి అన్న ధీమాతో, ఇడ్లీ ముక్కకు దట్టంగా పట్టించి నోట్లో పెట్టుకున్నాను.

మా వైపు కారానికి ఒక పద్ధతి ఉంది. నాలుక మీద మొదలై, చెవుల దాకా వచ్చి, మజ్జిగ చూసి తగ్గుతుంది. దీనికి పద్ధతి లేదు. నాలుకను పలకరించకుండా నేరుగా ముక్కులోకి వెళ్లి, అక్కణ్ణుంచి నుదుటి లోపల ఒక మేకు దిగ్గొట్టింది. నాకు కాసేపు తెలుగు రాలేదు. బావ గోడకు తల ఆనించి, దేనికో తెలియదుగాని, మెల్లగా "ఆయ్... ఆయ్..." అంటున్నాడు. అనుమానం వల్ల ముద్ద ముట్టని ఎస్సై చేతులు కట్టుకుని మా ఇద్దర్నీ చూస్తూ, తన సిద్ధాంతం రుజువైనందుకు సంతోషించాలో, రూమ్‌మేట్లు పోతున్నందుకు బాధపడాలో తేలక నిలబడ్డాడు.

మేము తేరుకునేసరికి తలుపు మీద రెండో నోటీసు ఉంది. రేపు ఆదివారం తొమ్మిదిన్నరకు కిందికి వస్తాను, మీ ఇంటి అలవాట్ల గురించి ఒక ముఖ్యమైన విషయం అడగాలి, దయచేసి ఇద్దరూ ఉండండి, అని. ఇద్దరూ అన్న మాట కింద గీత గీసి ఉంది. ఇది విచారణే అని ఎస్సై తేల్చాడు. నన్ను తొమ్మిదింపావుకల్లా గొడుగు ఇచ్చి బయటికి పంపాలని తీర్మానం జరిగింది. బావ ఏమడిగినా కాదనకూడదు, ఓనర్‌కు కోపం రాకుండా చూసుకోవాలి అని ఇంకో తీర్మానం. అది బావకు ప్రత్యేకంగా నేర్పాల్సిన పని లేదు.

జర్మన్లు టైముకు వస్తారని విన్నాం. ఇరవై నిమిషాల ముందే వస్తారని ఎవరూ చెప్పలేదు. ఆదివారం తాత తలుపు తట్టేసరికి నేను స్నానాల గదిలో, లుంగీతో, నెత్తి మీద నురగతో ఉన్నాను. నీళ్లు కట్టేసి నిలబడ్డాను. ఆ తలుపు పలచన, తాత సొంతంగా చేసిందే. వంటగదిలో కుర్చీ లాగిన చప్పుడు, నోట్‌బుక్ బల్ల మీద పెట్టిన చప్పుడు, పెన్ను మూత తీసిన చప్పుడు అన్నీ వినబడ్డాయి.

తాత మొదట క్షమాపణ చెప్పాడు. అనుమతి లేకుండా డబ్బా ఫొటో తీశాను, అది తప్పు అన్నాడు. తర్వాత తన కష్టం చెప్పుకొచ్చాడు. చెల్లెలికీ తనకూ చిన్నప్పటి నుంచీ ఒక తగువు ఉందట. వాళ్లింట్లో పండగకూ పబ్బానికీ మాంసంలోకి నంజుకునే ఆ వేరుకు మేర్‌రెట్టిష్ అనే పేరు ఎలా వచ్చింది? రెట్టిష్ అంటే ముల్లంగి, దాంట్లో గొడవ లేదు. ముందున్న మేర్ సంగతే గొడవ. వాళ్లమ్మ సముద్రం దాటి వచ్చిన ముల్లంగి కాబట్టి ఆ పేరు అనేది. చెల్లెలిది అమ్మ పక్షం. బడిలో మాస్టారు మాత్రం అది కాదు, పాత రోజుల్లో పెద్దది అనే అర్థంలో వాడిన మాట జనం నోట్లో పడి సముద్రంగా మారిందని, అంటే పెద్ద ముల్లంగి అని చెప్పాడు. తాతది మాస్టారి పక్షం. ఇంట్లో ఉన్న లావుపాటి నిఘంటువు తిరగేస్తే రెండు అర్థాలూ ఇచ్చి, రెండింటికీ ముందు 'బహుశా' అని పెట్టిందట. ఆ ఒక్క మాట మీద అన్నాచెల్లెళ్లు అరవై ఏళ్లకు పైగా కొట్లాడుకుంటున్నారు. (నిఘంటువులు రాసేవాళ్లకు ఇళ్లలో జరిగేవి తెలియవు.)

ఈమధ్య చెల్లెలు కొత్త ఆయుధం తీసిందట. ఇండియాలో ఒక చెట్టు ఉంది, దానికి జర్మన్‌లో మేర్‌రెట్టిష్‌బౌమ్ అని పేరు, అంటే మేర్‌రెట్టిష్ చెట్టు. దాని వేరు కూడా ఇలాగే మండుతుంది. కాబట్టి ఆ రుచి, ఆ పేరు అక్కణ్ణుంచే సముద్రం దాటి వచ్చాయి, అమ్మ చెప్పిందే నిజం అని. ఆ చెట్టు అసలు పేరు మొరింగా. ఆ పేరు తాత తన వంటింట్లోనే, తను బిగించిన అలమరలోనే, ఒక డబ్బా మీద చూశాడు. అప్పటి నుంచి నిద్ర లేదు. పోల్చి చూస్తారని ఒక సీసా తురుము మా గుమ్మం దగ్గర పెట్టాడు.

"ఇప్పుడు మీరు నిజం చెప్పాలి. మీ దేశంలో ఆ చెట్టు వేరును మేము మాంసంతో తిన్నట్టు అన్నంతో తింటారా?" అని అడిగాడు.

అతి ముఖ్యమైన ప్రశ్న అని గొంతులోనే తెలుస్తోంది. బావకు తెలిసింది మాత్రం, ఓనర్ ఆశగా అడుగుతున్నాడు, కాదనకూడదు అన్నదొకటే. "ఆయ్. తింటామండి సర్. రోజూ తింటాం. నెయ్యేసుకుని," అని ఇంగ్లీషులో చెప్పాడు. ఎస్సై అడ్డుపడి, ముందు ఈ సమాచారం మీకెందుకో రాసివ్వండి అన్నాడు. బావ కంగారుపడి, పిల్లలకు కూడా పెడతాం అని చేర్చాడు.

పెన్ను కదలడం ఆగింది. తర్వాత తాత నోట్‌బుక్ మూసిన చప్పుడు. "అయితే మా చెల్లెలిదే నిజం," అన్నాడు. "ఈరోజు పదింటికి ఫోన్ చేసి ఒప్పుకుంటాను."

ఆ గొంతు విని నాకు ఏదోలా అయింది. గది పోతుందని తెలుసు. ఊపిరి బిగబట్టి ఇంకో అయిదు నిమిషాలు నిలబడితే అంతా సర్దుకుంటుందనీ తెలుసు. కానీ అవతల ఒక పెద్దమనిషి అరవై ఏళ్ల తగువు మా బావ మర్యాద వల్ల ఓడిపోతున్నాడు. నాకు చిన్నప్పుడు మా నాయనమ్మ మోకాలు వాస్తే మునగ వేరు బెరడు రోట్లో దంచిన జ్ఞాపకం ఉంది. దంచుతుంటే ముక్కులోంచి నుదుటి లోపలికి మేకు దిగినట్టుండేది, అచ్చం శనివారం దిగినట్టే. ఆ ముద్దను ఆవిడ మోకాలికి పట్టు వేసేది. తినడం మాట ఎత్తితే చీపురు తీసేది. పైగా నా జబ్బు ఒకటుంది. ఎవరైనా నా ముందు గంభీరంగా తప్పు చెబితే సరిదిద్దకుండా ఉండలేను. తలుపు తీశాను.

"తినరు సర్," అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు. ఎస్సై కళ్లు మూసుకున్నాడు. నురగ చెవి మీదికి జారుతుండగా, లుంగీ ఒక చేత్తో పట్టుకుని, మోకాలు, రోలు, పట్టు అన్నీ వివరంగా చెప్పాను. తాత నన్ను ఎవరని అడగలేదు. నోట్‌బుక్ మళ్లీ తెరిచాడు. వేరా, బెరడా? పచ్చిదా, ఎండిందా? మీ ఊళ్లో ఎవరైనా నంజుకోవడం చూశావా? చూడలేదన్నాను. ఆకు తింటాం, కాయ తింటాం, పువ్వు కూడా తింటాం, వేరు జోలికి పోం అన్నాను. ఆయన పెన్ను బల్ల మీద పెట్టి, మెల్లగా, పిల్లలకు లెక్క చెప్పినట్టు తనకు తానే చెప్పుకున్నాడు. మీరు తినరు. అంటే దానికి మేర్‌రెట్టిష్ చెట్టు అని పేరు పెట్టింది మీరు కాదు. అక్కడికి వచ్చిన తెల్లవాళ్లెవరో తమ ముల్లంగి దొరక్క, ఆ వేరు తురుముకుని, ఇంటి మీద బెంగతో పెట్టుకున్న పేరు అది. పేరు ఇక్కణ్ణుంచి అక్కడికి పోయింది గాని అక్కణ్ణుంచి రాలేదు.

నాకు ఒళ్లు జలదరించింది (సగం చలి). నా జీవితంలో నేను చెప్పిన మాటతో ఎవరికైనా అంత మేలు జరగడం అదే మొదలు.

సరిగ్గా పదింటికి ఆయన మా వంటగదిలోంచే చెల్లెలికి ఫోన్ కలిపాడు. కాసేపు జర్మన్. తర్వాత ఫోన్ నా వైపు తిప్పాడు. అవతల గొంతు సన్నగా, పదునుగా ఉంది. ఇంగ్లీషు ఒక్కో మాటా తూచి మాట్లాడింది. మా ఎస్సై ఆవిడ దగ్గర రెండేళ్లు శిక్షణ పొందవచ్చు. ఏ ఊరు? ఆ ఊళ్లో మునగ చెట్లు ఎన్ని? నాయనమ్మకు ఏ మోకాలు? ఈ మాట చెప్పమని మా అన్నయ్య నీకేమైనా ఇచ్చాడా? నేను అన్నింటికీ జవాబు చెప్పాను. మోకాలి దగ్గర ఒక్కసారి తడబడ్డాను. అప్పుడావిడ అసలు ప్రశ్న వేసింది.

"నువ్వెవరు? ఆ ఇంట్లో ఉంటున్నది ఇద్దరని మా అన్నయ్య చెప్పాడు. నిన్ను వీధిలోంచి పట్టుకొచ్చాడా?"

తాత నన్ను మొదటిసారి పూర్తిగా చూశాడు. నురగ, లుంగీ, ఆ వెనక తలుపు సందులోంచి మంచం కింద కనబడుతున్న కంచం. వీధిలోంచి వచ్చినవాడని చెబితే నా సాక్ష్యం చెల్లదు. స్నేహితుడని చెబితే ఆవిడ నమ్మదు, ఆదివారం పొద్దున పక్కింట్లో నెత్తి రుద్దుకునే స్నేహితులు జర్మనీలో ఉండరు. ఉంటున్నాడని చెబితే, ఎలా ఉంటున్నాడో ఆయనకే తెలియదు. బావ, ఎస్సై, నేను ముగ్గురం ఆయన నోటి వైపే చూస్తున్నాం.

"ఇతను నా టెనెంట్," అన్నాడు తాత. మాకు కూడా అర్థం కావాలని ఇంగ్లీషులోనే అన్నాడు.

ఫోన్ పెట్టేసి పైకి వెళ్లిపోయాడు. పోలీసులకు ఫోన్ చేయడానికే అని ఎస్సై తేల్చాడు. నేను నెత్తి తుడుచుకుని సూట్‌కేసు తీశాను. బావ సాయం చేస్తూ, పోనీ ఈ రాత్రికి ఉండి వెళతాడని అడుగుదామా అన్నాడు, ఎవర్ని అడగాలో ఆలోచించకుండా. మెట్ల మీద మళ్లీ బూట్ల చప్పుడు అయింది. తాత చేతిలో అగ్రిమెంట్ కాగితాలు ఉన్నాయి. వాటిని నా సూట్‌కేసు మీద పెట్టి, రెండు పేర్ల కింద ఖాళీ చోట వడ్రంగి చేత్తో తిన్నగా ఒక గీత గీశాడు.

"మా చెల్లెలితో అరవై ఏళ్లుగా కొట్లాడాను. ఒక్క అబద్ధం చెప్పలేదు," అన్నాడు. "ఇక్కడ నీ పేరు రాయి. తారీఖు ఈరోజుది వెయ్యి. ఆవిడ అడుగుతుంది."

రాశాను. ఎస్సై కాగితం వెనక్కి తిప్పి, ఇంకేమైనా షరతులు చిన్నక్షరాల్లో ఉన్నాయేమో చూశాడు. ఏమీ లేవు. ఆ రోజు మధ్యాహ్నం తాత మమ్మల్ని పైకి పిలిచి భోజనం పెట్టి, ఆ ముల్లంగిని ఎంత తీసుకోవాలో (గోరంత), దేనితో తినాలో చూపించాడు. తాలింపు సంగతి మేము చెప్పలేదు.

ఇదంతా జరిగి కొన్నేళ్లయింది. నేను ఉద్యోగం వెతుక్కుంటూ దేశానికి ఈ తూర్పు చివరికి, వాన్ అనే ఊరికి, వచ్చేశాను. ఒక పెద్ద గోదాములో ఏ సరుకు ఏ లారీలో పోవాలో చూసే పని. పోయిన నెల మధ్యాహ్నం భోజనాల దగ్గర, కొత్తగా చేరిన ఒక సహోద్యోగి తన డబ్బా తెరిచి, నాకో ఊరగాయ ముక్క పెట్టాడు. నమిలాను. ముక్కులోంచి నుదుటి లోపలికి, నాకు బాగా తెలిసిన మేకు. ఏమిటిది అంటే, మా ఇంట్లో లేత మునగ మొక్కల వేర్లతో పెట్టుకుంటామండి, మా తాతల నాటి నుంచీ అన్నం లోకి ఇదే అన్నాడు. ఎన్నాళ్ల నుంచి అని అడిగాను, ఎవరు నేర్పారని అడిగాను, ఇంగ్లీషువాళ్లు రాకముందా తర్వాతా అని కూడా అడిగాను. అతను నన్ను కాస్త అనుమానంగా చూసి డబ్బా మూత పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం బస్సులో కూర్చుని తాతకు మెసేజ్ రాయడం మొదలుపెట్టాను. ఆ ఇద్దరూ ఇంకా ప్రతి ఆదివారం మాట్లాడుకుంటున్నారట, ఇప్పుడు వేరే కూరగాయ మీద. నాలుగు వాక్యాలు రాసి, చదువుకుని, ఒక్కొక్కటే చెరిపేశాను. ఆ ఇంట్లో అప్పుడు అందరం అందర్నీ అనుమానించాం. ముసలాయన్ని, ఆయన దుంపవేర్లను, డబ్బాను, సీసాను, ఒక భాషను కూడా. ఒక్క మునగ చెట్టునూ ఒక్క మోకాలినీ చూసి దేశం మొత్తం తరఫున సాక్ష్యం చెప్పిన ఆ లుంగీ కుర్రాణ్ణి మాత్రం ఎవరూ అనుమానించలేదు. నాకే ఇప్పుడు వాడి మీద కొంచెం అనుమానం, కొంచెం ముద్దు.